ఏడు ఎర్తులు

ఉలిగమ్మకు ఎడమ చెవి వినిపించదు. అది పోయిన రోజు ఆమెకు బాగా గుర్తు. హిందూపురంలో పరిగి రోడ్డు మీద, వాళ్ల మోటారు వైండింగు షాపులో, పట్టపగలు. ఒక బోరు మోటారుకు ఆమె చుట్టిన తీగలో చుట్ల లెక్క తప్పింది. భర్త కుళ్లాయప్ప అరచెయ్యి చాచి చెవి మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమని ఒక మోత మొదలైంది. మూడు రోజులు మోగింది. నాలుగో రోజు ఆగిపోయింది. దానితోబాటు ఆ వైపు లోకమంతా ఆగిపోయింది.

అప్పుడామెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు నలభై నాలుగు.

పుట్టింది పెనుకొండ కొండ వెనక పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో. నాయన గొర్రె మీద చెయ్యి ఎత్తేవాడు కాదు. అమ్మ మీద ఎత్తేవాడు. ఉలిగమ్మ, చెల్లెలు భాగ్యశ్రీ దొడ్డిగోడ అవతల కూర్చుని అది అయిపోయేదాకా ఉండేవాళ్లు. లోపలినుంచి అమ్మ పొయ్యి ఊదే చప్పుడు వస్తే అయిపోయినట్టు. చప్పుడును బట్టి గోడ అవతల ఏం జరుగుతోందో తెలుసుకోవడం ఉలిగమ్మకు చిన్నప్పుడే పట్టుబడింది.

ఇరవయ్యో ఏట కుళ్లాయప్పకిచ్చి పెళ్లి చేశారు. కుళ్లాయప్ప తాగడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఎవరైనా మొదట అదే అడుగుతారు. పేకాట లేదు, వేరే ఆడమనిషి లేదు. పొద్దున్నే లేచి షాపు వెనక, దారి తప్పిన కరెంటును నేలలోకి దించే ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోసేవాడు. ఆరడుగుల లోతు తవ్వి, బొగ్గూ ఉప్పూ పరిచి, రాగి పలక దించిన గుంత అది. నీళ్లు పోశాక దానికి దండం పెట్టేవాడు.

దానికి ఒక కారణముంది. అతని అన్న నాగన్న నల్లమాడ దగ్గర సేద్యం చేసేవాడు. వేరుశనగ చేను ఎండిపోతోందని ఆదరాబాదరాగా కొత్త మోటారు దించారు. స్టార్టరు పెట్టె బిగించింది పద్దెనిమిదేళ్ల కుళ్లాయప్ప. ఎర్తు తీగ సాయంత్రం కడదామనుకున్నాడు. మధ్యాహ్నమే నాగన్న తడిచేత్తో పెట్టె మూత పట్టుకున్నాడు. కరెంటు పట్టేసింది, చెయ్యి వెనక్కి రాలేదు. కుళ్లాయప్ప కట్టె తీసుకుని అన్న ముంజేతి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. పట్టు ఊడివచ్చేసరికి అన్న లేడు. ఎర్తు తీగ చుట్ట, విప్పకుండా, మోటారు అట్టపెట్టెలోనే ఉంది.

ఆ సంగతి కుళ్లాయప్ప ఎవరికీ చెప్పుకోలేదు. అత్త పోయేముందు ఉలిగమ్మకు చెప్పింది.

పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. తీగ వదులైతే వేళ్ల మీద కర్రబద్దతో కొట్టి నేర్పాడు. ఆమె వేళ్లు సన్నం. రెండేళ్లలో వెంట్రుకంత తీగను కూడా తెగకుండా చుట్టసాగింది. ఒక కడుపు ఐదో నెలలో పోయింది. ఎలా పోయిందో వాళ్లిద్దరికీ తెలుసు. పక్కన పైపుల షాపు బసవరాజుకూ తెలుసు, రెండు షాపులకూ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ.

చెవి పోయాక ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. తిరిగే మోటారుకు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకునేది. చప్పుడు ఎముకలోంచి తలలోకి వచ్చేది. బేరింగు అరిగిందా, ఇనుప రేకు వదులైందా, అలా చెప్పేది. రైతులు నవ్వేవాళ్లు. ఆమె చెప్పింది తప్పేది కాదు.

మూడేళ్ల కిందట బెంగళూరునుంచి దుర్గాప్రసాద్ అనే అతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. గిటారు వాయిస్తాడు, గిటారుకు ఆంప్లిఫైయర్లు చేసి అమ్ముతాడు. అదీ పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో. ఆ వాల్వుల గొంతు వేరే దేనికీ రాదని వాయించేవాళ్ల నమ్మకం. వాటికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్లు శ్రద్ధగా చుట్టేవాళ్లు దొరక్క, ఎవరో చెబితే ఇక్కడికి వచ్చాడు.

వాల్వు పెట్టె మొండిది. నాలుగు వందల వోల్టులు తాగుతుంది. ఏ చిన్న చప్పుడు దొరికినా విని, దాన్ని పెంచి పెంచి అరుస్తుంది. ఉలిగమ్మ ఒక్కొక్క చప్పుడునే పట్టుకుంది. ట్రాన్స్‌ఫార్మరులో ఇనుప రేకులు జుమ్మంటే ఇంకో రెండు రేకులు దిగ్గొట్టి బిగించింది. వార్నీషులో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, రెండు రోజులు పెద్ద బల్బు వేడిలో ఆరబెట్టింది. కరెంటు తెచ్చే ట్రాన్స్‌ఫార్మరు రొద స్పీకరు ట్రాన్స్‌ఫార్మరుకు అంటుకుంటోందని రెండోదాన్ని అడ్డంగా తిప్పి పెట్టింది. వాల్వుల లోపల దీపానికి పోయే జంట తీగలను బిగువుగా పురిపెట్టింది. స్పీకరు అదిరితే వాల్వు లోపలి సన్నటి జాలీ వణికి గంటలా మోగేది. సాకెట్ల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి వేసింది. పెన్సిలుతో ఒక్కో వాల్వునూ తట్టి, మోగినదాన్ని పక్కన పారేసింది.

ఆ పనిలో ఆమెకు ఒక కసి ఉండేది. చప్పుడును వెతికి, దొరకబుచ్చుకుని, గొంతు నులిమేది.

మొదట ట్రాన్స్‌ఫార్మర్లే పంపేవాళ్లు. పోయిన ఏడాది దుర్గాప్రసాద్ మొత్తం పెట్టె మీరే చేయండన్నాడు. తీగలు ఎలా కలపాలో గీసిన కాగితం ఒకటి ఇచ్చాడు. చుట్టడం, బిగించడం ఉలిగమ్మ పని. అడుగున ఉండే ఇనుప తట్టలో, చాసీలో, తీగలు కలపడం కుళ్లాయప్ప పని.

మొదటి పెట్టె మూలిగింది. గిటారు తగిలించకుండానే, ఎవరూ ముట్టకుండానే, స్పీకరులోంచి ఒకటే మూలుగు. జబ్బు పశువు మూలిగినట్టు.

"వైండింగు సరిగా లేదు," అన్నాడు కుళ్లాయప్ప. ఆ మాట చెంపదెబ్బతో పాటే వచ్చింది.

ఆమె విప్పి మళ్లీ చుట్టింది. మళ్లీ మూలిగింది. ఈసారి స్పానరుతో భుజం మీద కొట్టాడు. వారం దాకా చెయ్యి పైకి లేవలేదు. మూడోసారి చుట్టింది. మూలుగు అలాగే ఉంది, పిసరంత కూడా మారలేదు. ఆదివారం వచ్చి చూస్తానని దుర్గాప్రసాద్ ఫోను చేశాడు. కుళ్లాయప్ప ఫోను పెట్టేసి ఆమె కుడివైపుకు వచ్చి నిలబడ్డాడు, వినబడాలని.

"ఆదివారం గూడా మూలిగిందంటే ఆ రెండో చెవి గూడా తీస్తా సూడు. ఇని ఏం సేస్తాండావు దాంతో?"

తమాషాకు అన్న మాట కాదు. అతను చెప్పింది చేసే మనిషి.

శనివారం పొద్దున కుళ్లాయప్ప లేపాక్షి వైపు బోరులోంచి మోటారు తీయించడానికి పోయాడు. ఉలిగమ్మ పెట్టె ఆన్ చేసి, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మరుకు ఆనించింది. ఇనుము నిశ్శబ్దంగా ఉంది. రెండోదానికి ఆనించింది. అదీ అంతే. వణుకు ఎక్కడా లేదు, మూలుగు మాత్రం ఉంది. అంటే అది ఇనుములోంచి రావడం లేదు, తీగలోంచి వస్తోంది. మొదటి వాల్వు పీకింది. మూలుగు ఆగింది. మళ్లీ పెట్టింది. మొదలైంది.

మొదటి వాల్వుకు ముందర ఎక్కడో ఉంది.

స్విచ్చి ఆపేసింది. ఆపినా లోపలి కెపాసిటర్లలో మనిషిని ఎత్తి పడేసేంత కరెంటు నిలిచి ఉంటుంది. రెండు తీగల బల్బును వాటికి తగిలించి, బల్బు వెలిగి ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు చాసీ బోర్లించింది. పక్కన కాగితం పెట్టుకుంది.

కాగితంలో ఎర్తు గుర్తు ఏడు చోట్ల ఉంది. మూడు అడ్డగీతలు, ఒకదానికంటే ఒకటి పొట్టివి. కుళ్లాయప్ప చాసీకి ఏడు చోట్ల రంధ్రాలు వేసి, ఏడు బోల్టులు పెట్టి, ఏడు తీగలు కట్టాడు. గీసినవాడికి అవన్నీ ఒకే చోటికి చేరవలసినవి. చదివినవాడు మోటారు మనిషి. మోటారుకు ఎర్తు ఎన్ని చోట్ల కడితే అంత మంచిది. ఏడూ చాలలేదేమో, ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు బిగించాడు.

ఆమె ఒక నట్టు వదులు చేసి, ఆన్ చేసి విన్నది. మూలుగు గొంతు మారింది. ఇంకోటి వదులు చేసింది. మళ్లీ మారింది. అక్కడే కింద కూర్చుండిపోయింది. ఏడు బోల్టుల మధ్య ఇనుప తట్టలో కరెంటు తచ్చాడుతోంది. ఒక బోల్టు దగ్గర కొంచెం ఎక్కువ, ఇంకో బోల్టు దగ్గర కొంచెం తక్కువ. ఆ కొంచెం తేడాను మొదటి వాల్వు విని అరుస్తోంది. మూడుసార్లు తాను చుట్టిన తీగలో ఏ దోషమూ లేదు. రెండుసార్లు తిన్న దెబ్బలకు కారణం ఆ నట్లు.

గోడనుంచి కరెంటుతో వచ్చే పెద్ద ఎర్తు తీగను ముట్టలేదు. అది ప్రాణం కాపాడే తీగ, దాని బోల్టు దానిదే. మిగతా ఆరింటినీ కోసి, ఒకే రాగి ముక్క దగ్గరికి తెచ్చి సాల్డరింగు చేసింది. ఆన్ చేసింది. వాల్వులు ఎర్రబడ్డాయి. స్పీకరు గుడ్డకు కుడి చెవి ఆనించింది. పక్క షాపులో పైపు కోస్తున్న రంపం చప్పుడు వినిపించింది. అంతే.

సంతోషం వచ్చింది. దాని వెంటే భయం వచ్చింది. మూలుగు ఆగిందని చెప్పొచ్చు. ఎర్తులు కోశానని ఆ మనిషితో ఎలా చెప్పడం? అడుగు రేకు పెట్టి మరలు బిగించేసింది. కుళ్లాయప్ప వచ్చాక, "మళ్లా బిగించినా, నిలిచింది," అని మాత్రం అన్నది. అతను ఆన్ చేసి విని, తల ఊపి, అన్నం పెట్టమన్నాడు.

ఆదివారం పదకొండింటికి దుర్గాప్రసాద్ కారులో వచ్చాడు. స్విచ్చి వేసి, కాసేపు చూసి, ముఖం చిట్లించాడు.

"కరెంటు లేదాన్నా?"

"ఉండాదే. ఫ్యాను తిరుగుతాండాది గదా?"

"మరి ఆన్ కాలేదే!"

"తీగ మీటి సూడు నాయనా," అన్నది ఉలిగమ్మ.

అతను గిటారు తగిలించి ఒక్క దెబ్బ మీటాడు. షాపు పేలినట్టయింది. పైన రేకులు అదిరాయి, గూట్లో పేర్చిన ఇనుప రేకులు జలజలా కింద పడ్డాయి. బసవరాజు చేతిలో టీ గ్లాసుతో పరిగెత్తి వచ్చాడు.

"ఏనప్పా ఇది! సిలిండరు పేలిందనుకుంటి. పంచె తడిసిపాయె!"

"టీ పడిందా అన్నా, వేరేదా?" అన్నాడు దుర్గాప్రసాద్. అందరూ నవ్వారు. కుళ్లాయప్ప కూడా నవ్వాడు.

"ఎట్ల సాధించినావన్నా?" అని కుళ్లాయప్పను అడిగాడు.

"నాలుగు తగిలిస్తే గాని ఈ యమ్మకు పని రాదప్పా," అన్నాడు కుళ్లాయప్ప. అది హాస్యమనుకుని దుర్గాప్రసాద్ మళ్లీ నవ్వాడు. నవ్వుతూనే పెట్టె ఆపి, బోర్లించి, ఫోటో తీసుకుందామని అడుగు రేకు మరలు తీశాడు.

"అబ్బ! ఎర్తులన్నీ ఒక్క చోటికి తెచ్చినావే. నేను చెప్పడం మరిచిపోయినా గూడా నీకే తట్టింది. చెయ్యి తిరిగిన మనిషివన్నా నువ్వు."

కుళ్లాయప్ప వంగి లోపలికి చూశాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది. పెట్టెను తానే మోసుకెళ్లి కారులో పెట్టాడు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. లోపలికి వచ్చి షట్టరు కిందికి లాగాడు.

ఉలిగమ్మ, తర్వాత చేయవలసిన రెండో పెట్టె చాసీ ముందు కూర్చుని ఉంది. సాల్డరింగు కడ్డీ వేడెక్కుతోంది.

"ఎవురు కోసినారు?"

"నేనే."

"నా ఎర్తు కోసినావా?"

"పెద్ద తీగ అట్లే ఉండాదప్పా. మిగతావి ఒక తావుకు తెచ్చినా. ఈ చాసీలో సూపిస్తా రా..."

మాట పూర్తికాలేదు. పిడికిలి ముక్కు మీద పడింది. రక్తం పెదవి మీదికి, అక్కణ్ణుంచి జాకెట్టు మీదికి కారింది. జుట్టు పట్టి లేపి గోడకేసి కొట్టాడు. కుడి చెవి వైపు తల గోడకు తగిలింది. ఒకసారి. రెండుసార్లు.

"మనిషిని సంపుతావా? ఆ పిల్లోడు తీగలు పట్టుకొని నిలబడినాడే, ఆడనే ఎగిరి సస్తే? ఎవురు బదులు సెప్పేది? నువ్వా? నేనా?"

అతని గొంతు వణుకుతోంది. ఆ వణుకు ఎక్కడినుంచి వస్తోందో ఉలిగమ్మకు తెలుసు. తెలిసినందువల్ల దెబ్బ తగ్గదు.

"సెప్తే ఇనవు. ఆ సెవి ఎందుకే నీకు?"

ఎడమచేత్తో జుట్టు బిగించి, కుడి అరచెయ్యి వెడల్పుగా చాపి వెనక్కి తీశాడు. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. పదిహేనేళ్ల కిందట సరిగ్గా అలాగే వెనక్కి పోయింది. ఆమె వెతక్కుండానే బల్ల మీదికి చెయ్యి చాపింది. సాల్డరింగు కడ్డీ పిడి దొరికింది. జుట్టు పట్టుకున్న చేతి మీద దాని మొన ఆనించి అదిమింది.

కుళ్లాయప్ప అరిచాడు. ఆమె తీయలేదు. జుట్టు వదిలేదాకా తీయలేదు. చర్మం కాలిన వాసన వార్నీషు వాసనను కమ్మేసింది. అతను మోకాళ్ల మీద పడి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

షట్టరు బయటినుంచి పైకి లేచింది. బసవరాజు, అతని వెనక ఎదురు టీ కొట్టు మనిషి, ఇంకో నలుగురు.

"ఏమ్మా ఇది! కట్టుకున్నోనికి వాత పెడతావా? ఆడదానివేనా నువ్వు?" అన్నాడు బసవరాజు.

ఆమె ముక్కు తుడుచుకుంది. కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది.

"బసవరాజన్నా, ఎన్నేండ్ల నుంచి ఉండావు గోడ పక్కన?"

"ఇరవై."

"నా అరుపు ఎప్పుడన్నా ఇనబడిందా?"

బసవరాజు పక్కకు చూశాడు. "అది మీ సంసారం అనుకుంటిమి."

"ఇది గూడా మా సంసారమే. ఎందుకొచ్చినావు?"

కుళ్లాయప్పను స్కూటరెక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు.

వాళ్లు పోయాక ఆమె ముఖం కడుక్కుంది. బల్బు కింద ఒక రైతు మోటారు ఆరుతోంది. దాని తీగలకు కొనలు కట్టి, పేరు చీటీ తగిలించింది. సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. వంగినప్పుడు తెలిసింది, కుడి చెవిలో గుయ్యిమని మోత మొదలైంది.

రెండింటికి కుళ్లాయప్ప నడిచి వచ్చాడు. మోచేతి దాకా కట్టు. గడప దగ్గర ఆగాడు, కడ్డీ ఎక్కడుందో చూసుకుని. తర్వాత అతను అడిగిన మాట అన్నేళ్లలో ఎన్నడూ అడగనిది.

"ఎర్తు ఒక్కటి సాలునా?"

ఆమె రెండో చాసీకి పెద్ద ఎర్తు తీగ ఒక్కటి మాత్రం బిగించి గోడకు తగిలించింది. బోర్డులోంచి ఇంకో తీగ తీసి, దాని చివరను కర్రకు కట్టి పట్టుకుని, కరెంటును నేరుగా చాసీ ఇనుము మీద పెట్టింది. ఠప్పుమని మెరిసి షాపంతా ఆరిపోయింది. కరెంటంతా ఆ ఒక్క ఎర్తు తీగలోంచి నేలకు దిగి, ఫ్యూజు కాలిపోయింది. ఆమె వట్టి చేతిని చాసీ మీద పరిచి ఉంచింది.

"ఒక్కటి సరిగా ఉంటే సాలు. మీ అన్నకు ఆ ఒక్కటే లేకపాయె."

కుళ్లాయప్ప గడప మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో, ఆమెకు చెవిలో మోత తప్ప ఏమీ వినబడలేదు.

"నీ భయం నాకు తెలుసప్పా. దానికి నేను ఒక చెవి ఇచ్చినా. రెండోది ఇయ్యను."

అతన్ని దాటుకుని స్టేషనుకు నడిచింది. ధర్మవరం పోయే రైలెక్కింది. పెనుకొండలో ఆగినప్పుడు తలెత్తి చూడలేదు. కళ్లు మూసుకుని మోతనే వింటూ కూర్చుంది.

చెల్లెలు భాగ్యశ్రీ ధర్మవరంలో చీరల అంగట్లో మడతలు పెట్టే పని చేస్తుంది. అక్క ముఖం చూసి, ఏమీ అడక్కుండా వెనక గది ఊడ్చి చాప పరిచింది. సోమవారం మోత ఉంది. మంగళవారం ఉంది. నాలుగో రోజు తెల్లవారేసరికి ఆగిపోయింది. ఉలిగమ్మ లేవలేదు. లేస్తే చీర చప్పుడు వినిపిస్తుందో లేదోనని కదలకుండా పడుకుంది. చాలాసేపటికి గోడ అవతల ఎవరో పళ్లు తోముకుంటూ గొంతు గీరుకున్నారు. అంత వికారమైన చప్పుడుకు ఆమెకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

అయినా భాగ్యశ్రీ వదలక చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు తలకు హెడ్‌ఫోను తగిలించి, వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నాడు. ఆమె ఎత్తుతూనే ఉంది. ఒకచోట అతను యంత్రం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"కుడి చెవి బ్రహ్మాండంగా ఉందమ్మా. వయసు పిల్లలకు కూడా ఇంత వినబడదు. ఎడమది ఎట్ల పోయింది?"

మొగుడి పేరు పెదవి దాటనివ్వకూడదని అమ్మ నేర్పింది. రేషను కార్డు దగ్గర కూడా పక్కనున్నవాళ్ల చేత చెప్పించేది.

"కుళ్లాయప్ప కొట్టినాడు," అన్నది. "రాసుకో సార్. కుళ్లాయప్ప."

డాక్టరు రాశాడు. తర్వాత సొరుగులోంచి చిక్కుడుగింజంత మిషను ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఎడమ చెవికి ఇది పెట్టుకుంటే కొంతైనా వినిపించవచ్చన్నాడు. ఆమె దాన్ని తీసుకుని, కుడి చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఇది మూలుగుతాండాదే సార్."

"అది కొంచెం ఉంటుందమ్మా. అన్నిటికీ ఉంటుంది. అలవాటైపోతుంది."

ఉలిగమ్మ మిషనును తిప్పి, అడుగున ఉన్న సన్నటి మర తలను గోటితో తడిమింది.

"ఇప్పేదానికి చిన్న స్క్రూడ్రైవరు ఉండాదా ఈడ?" అన్నది.